ఆరు వందల గ్రాముల కెమెరాకు ఏ స్టాండు? ఒక నాటక సమాజం కేస్ స్టడీ

తెనాలి దగ్గరి ఒక నాటక సమాజం తమ ప్రదర్శనలు తామే రికార్డు చేసుకుందామని సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్43 క్యామ్‌కార్డర్ కొనుక్కుంది. 4కె తీస్తుంది, 20 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది, బ్యాటరీతో కలిపి బరువు 600 గ్రాముల చుట్టుపక్కల. వంక పెట్టాల్సిన కెమెరా కాదు. అయినా సమాజం పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, "ఇంత డబ్బు పోసి కొన్నాం, బొమ్మ చూస్తే పడవలో కూర్చుని తీసినట్టుందయ్యా. కెమెరా మార్చాలా?" అని నా దగ్గరకు వచ్చారు. నాది పెళ్లి వీడియోల వృత్తి. చిన్న సంస్థలు సామాను కొనేటప్పుడు సలహా చెప్పడం కూడా దాంతోపాటే అలవాటైంది.

ముందు వాళ్లు ఏం తీస్తారో తెలుసుకున్నాను. రెండు రకాలు. ఒకటి, పరిషత్తు పోటీలకు వెళ్లే సాంఘిక నాటికలు. ఇవి గంట లోపు అయిపోతాయి. రెండోది పద్య నాటకం, రెండు గంటలు దాటుతుంది, తిరునాళ్లలో వేస్తే ఇంకా సాగుతుంది. ఈ రెండింటికీ కెమెరా పని వేరు. పద్యం అందుకున్న నటుడు మైకు ముందు కదలకుండా నిలబడి రాగం తీస్తాడు. జనం వన్స్ మోర్ అంటే అదే పద్యం మళ్లీ పాడతాడు. అక్కడ ముఖం దగ్గరగా కనిపించాలి, అదీ నిమిషాల తరబడి. నాటికలో నటులు స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటారు, వాళ్ల వెంట కెమెరా వెళ్లాలి. కెమెరా ఒక్కటే, నడిపేదీ ఒక్కడే. హార్మోనియం వాయించేవారి అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు. చెయ్యి నిదానమైనదే, ఆసక్తి కూడా ఉంది.

కుదుపు ఒకటి కాదు

"ఎడిట్ చేసినవి వద్దు మాస్టారూ, కార్డులో ఉన్నవి ఉన్నట్టే ఇప్పించండి" అన్నాను. ఎడిటింగ్‌లో కుదుపులు కోసేస్తారు, నాకు కావలసింది ఆ కుదుపులే. పెద్ద టీవీలో పెట్టి, ఆపి ఆపి చూశాం. అందరూ "షేక్ అవుతోంది" అని ఒకే మాట అంటారు గానీ ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులు కనిపించాయి.

మొదటిది ప్యాన్, అంటే కెమెరాను పక్కకు తిప్పడం, మొదలయ్యే చోట. నటుడు కదులుతాడు, బొమ్మ మాత్రం ఒక క్షణం అలాగే ఉండి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఆగేటప్పుడు కాస్త వెనక్కి జరుగుతుంది. దీనికి సగం కారణం హెడ్, అంటే కాళ్ల పైన కెమెరాను పట్టి తిప్పే భాగం. వాళ్ల దగ్గరున్నది ప్లాస్టిక్ హెడ్, లోపల రెండు ముక్కలు పొడిగా ఒరుసుకుంటాయి. పొడి రాపిడిలో కదల్చడానికి పట్టే బలం ఎక్కువ, కదిలాక నడపడానికి పట్టే బలం తక్కువ. చెయ్యి ఆ తేడాను గుర్తించి తగ్గేలోపే కెమెరా ముందుకు వెళ్లిపోతుంది. మిగతా సగం కారణం కెమెరాలోనే ఉంది. ఈ మోడల్లో లెన్సూ సెన్సరూ ఒకే ముక్కగా లోపల తేలుతుంటాయి. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు అది చేసే మేలు అంతా ఇంతా కాదు. స్టాండు మీద పెట్టి మెల్లగా ప్యాన్ చేస్తే మాత్రం ఆ కదలికను కూడా వణుకే అనుకుని మొదట అడ్డుకుంటుంది, తన హద్దు దాటాక వదిలేస్తుంది. ఇది స్టాండు మార్చినా పోదు. మెనూలో స్టెడీషాట్ అనే ఈ సౌకర్యాన్ని ఆపాలి.

రెండోది జూమ్ మీట తాకినప్పుడల్లా వచ్చే చిన్న అదురు. మూడోది విచిత్రమైనది. కెమెరాను ఎవరూ ముట్టుకోలేదు, ప్యాన్ లేదు, జూమ్ లేదు, అయినా బొమ్మ సన్నగా ఊగుతోంది. అడిగితే తెలిసింది, జనం తలల మీదుగా కనిపించడానికి చెక్కబల్లలు కలిపి దాని మీద స్టాండు పెడుతున్నారట. అబ్బాయి కూడా అదే బల్ల మీద నిలబడతాడు. అతను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చిన ప్రతిసారీ కెమెరా కదులుతోంది.

నాలుగోది అబ్బాయి తన తప్పే అనుకున్నాడు. నటుడు ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే ఫ్రేము మెల్లగా పైకి జారుతుంది, కాళ్లు పోతాయి. సర్దబోయి టిల్ట్ చేస్తాడు, అంటే కెమెరాను కిందికి వంచుతాడు, అది కుదుపుతో దిగుతుంది. నిజానికి అతని చేతిలో లోపం లేదు. స్టాండు మట్టంగా లేదు.

కొంచెం లెక్క

మాస్టారికి ఈ భాగం బాగా నచ్చింది, అందుకే ఇక్కడా రాస్తున్నాను. ఈ కెమెరా లెన్సు ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ సైజు) లెక్కలో 26.8 నుంచి 536 మి.మీ. దాకా వెళ్తుంది. బాగా వెడల్పుగా పెడితే అడ్డంగా దాదాపు 70 డిగ్రీల మేర కనిపిస్తుంది. జూమ్ చివరిదాకా లాగితే 4 డిగ్రీలే. హెడ్ ఒక డిగ్రీలో పదో వంతు అదిరిందనుకోండి. వెడల్పులో అది ఫ్రేములో 700వ వంతు, ఎవరి కంటికీ ఆనదు. జూమ్ చివర అదే అదురు ఫ్రేములో 40వ వంతు. 4కె బొమ్మలో దగ్గర దగ్గర 96 పిక్సెళ్లు. అందుకే "ఇంట్లో తీస్తే బాగానే వస్తోంది, హాల్లోనే పాడవుతోంది" అనే మాట అందరి నోటా వింటాం. ఇంట్లో ఎవరూ జూమ్ చివరిదాకా వెళ్లరు.

హాలు వెనక నుంచి, అంటే 50 అడుగుల దూరం నుంచి, జూమ్ చివర ఫ్రేము వెడల్పు మూడున్నర అడుగులు. పద్యం పాడే నటుడికి ఇది దాదాపు ఛాతీ పై షాట్. 30 అడుగుల స్టేజీ మొత్తం చూపించాలంటే కెమెరా దాదాపు 33 డిగ్రీలు తిరగాలి. ఇప్పుడు నాలుగో జబ్బు సంగతి చూద్దాం. హెడ్ తిరిగే ఇరుసు ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగి ఉందనుకోండి. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేసరికి కెమెరా చూపు అర డిగ్రీకి పైగా ఎత్తు మారుతుంది. జూమ్ చివర ఫ్రేము ఎత్తే రెండుంపావు డిగ్రీలు. అంటే ఫ్రేము ఎత్తులో నాలుగో వంతు జారిపోయినట్టు. టిల్ట్ ముట్టుకోకుండానే ఇది జరుగుతుంది. ఒక్క డిగ్రీ వాలు కంటికి తెలియదు, రసమట్టంలో బుడగకు తెలుస్తుంది.

ఇంకొకటి. నిదానంగా నడిచే మనిషి సెకనుకు ఒక మీటరు పోతాడు. 50 అడుగుల దూరంలో అది సెకనుకు దాదాపు 4 డిగ్రీలు, అంటే జూమ్ చివర సెకనులో ఫ్రేము దాటేస్తాడు. ఎంత ఖరీదైన హెడ్ కొన్నా ఆ వేగంతో వెంటాడి చూడదగ్గ షాట్ తీయడం ఎవరివల్లా కాదు. నడిచేటప్పుడు వెడల్పు, నిలబడ్డాకే దగ్గర. అబ్బాయికి నేను నేర్పిన మొదటి విషయం ఇదే, దీనికి రూపాయి ఖర్చు కాలేదు.

ఉన్న రెండు స్టాండ్లు

సమాజం దగ్గర అప్పటికే రెండు ఉన్నాయి. మొదటిది తేలికపాటి ఫోటో ట్రైపాడ్, పైన చెప్పిన ప్లాస్టిక్ హెడ్ దానిదే. కాళ్లు నాలుగు మడతలు, చివరి మడత చూపుడువేలంత లావు. మధ్య కడ్డీని పళ్ల చక్రంతో పైకి లేపుకోవచ్చు. ఆ కడ్డీ లేపితే మూడు కాళ్ల స్టాండు కాస్తా ఒంటికాలి స్టాండు అవుతుంది. హెడ్‌ను రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టి చూశాను, కాళ్లు నేల మీద కదలకుండానే హెడ్ స్పష్టంగా తిరిగి మళ్లీ వెనక్కి వచ్చింది. ప్యాన్ ఆపినప్పుడు బొమ్మ వెనక్కి జరగడానికి ఇదీ ఒక కారణం. దీన్ని పక్కన పెట్టేశాను. గ్రూప్ ఫోటోలకు పనికొస్తుంది.

రెండోదాని కథ వేరు. మూతపడిన ఒక స్టూడియో నుంచి పాత సామాను ధరకు కొన్నారు. భుజం మీద పెట్టుకునే టేపు కెమెరాల కాలంది. 100 మి.మీ. బౌలు (హెడ్ కూర్చునే గిన్నె), జంట గొట్టాల కాళ్లు, లోపలి గ్రీజుతో నిదానంగా తిరిగే నిజమైన ఫ్లూయిడ్ హెడ్. "ఇంత గట్టి స్టాండు మీద కూడా చిన్న కెమెరా నిలవడం లేదంటే కెమెరాలోనే లోపం ఉండాలి" అన్నది మాస్టారి వాదన. నిజమే అనిపించేలా ఉంది కదా. కెమెరా బిగించి, ముందుకు కొద్దిగా వంచి, చెయ్యి వదిలాను. హ్యాండిల్ టక్కున దిగి కెమెరా నిటారుగా అయిపోయింది.

ఇక్కడ స్ప్రింగు గురించి చెప్పాలి. పెద్ద కెమెరాను ముందుకు వంచితే దాని బరువే దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. పది కిలోల కెమెరా అయితే ఆపరేటరు చెయ్యి పడిపోతుంది. అందుకని వీడియో హెడ్ లోపల ఒక స్ప్రింగు పెడతారు. కెమెరా ఎంత బలంతో పడాలనుకుంటుందో స్ప్రింగు అంతే బలంతో పైకి తోస్తుంది. రెండూ సరిపోతే, వంచిన చోట చెయ్యి వదిలినా కెమెరా అక్కడే ఆగుతుంది. దీన్నే కౌంటర్‌బ్యాలెన్స్ అంటారు. ఎనిమిది పది కిలోల కోసం బిగించిన స్ప్రింగు మీద ఆరు వందల గ్రాములు పెడితే, స్ప్రింగు దృష్టిలో అక్కడ కెమెరాయే లేదు.

దుకాణాల్లో దొరికే చిన్న హెడ్‌లలోనూ ఇదే చిక్కు ఉంది. ఉదాహరణకు చాలామంది వాడే మాన్‌ఫ్రొటో 500 హెడ్ 5 కిలోల దాకా మోస్తుంది, దాని స్ప్రింగు మాత్రం 2.4 కిలోలకు స్థిరంగా పెట్టి ఉంటుంది. పెద్ద లెన్సు తగిలించిన డీఎస్‌ఎల్‌ఆర్‌కు అది చక్కగా అమరుతుంది. మన 600 గ్రాముల కెమెరాకు అమరదు. అది హెడ్ లోపం కాదు, జత కుదరకపోవడం. స్పెసిఫికేషన్లలో "ఎంత మోస్తుంది" అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది, స్ప్రింగు ఎంతకు పెట్టి ఉందో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, కొన్నిటికి అసలు రాయరు. చిన్న క్యామ్‌కార్డర్ వాళ్లు చదవాల్సింది రెండోదే. ఐదారు వందల గ్రాముల కెమెరాను మోయలేని స్టాండు బజార్లో లేదు.

ఆ పాత పెద్ద హెడ్‌ను అలాగే వాడొచ్చా అని కూడా ఆలోచించాను. టిల్ట్ తాళం వేసేసి ప్యాన్ మాత్రం వాడితే పని జరుగుతుంది. ఊళ్లోనే, ఒకే హాల్లో వాడే పనైతే కొత్తది కొనొద్దనే చెప్పేవాణ్ని. కానీ ఇది ఊరూరా తిరిగే సమాజం. వ్యానులో సీనరీ, డ్రెస్సుల ట్రంకు పెట్టెలు ఎక్కాక మిగిలిన చోటులో ఆ స్టాండు పట్టదు, అబ్బాయి ఒక్కడూ దాన్ని మెట్లెక్కించలేడు. పైగా లోపలి గ్రీజు ముదిరిపోయి, డ్రాగ్ (తిప్పేటప్పుడు హెడ్ చూపే నిరోధం) అతి తక్కువలో పెట్టినా చేతికి బరువుగానే ఉంది.

దేనికి డబ్బు పెట్టాలి

బడ్జెట్ 15,000. చందాల డబ్బు, లెక్క చెప్పాలి. స్ప్రింగును కూడా మెట్లు మెట్లుగా మార్చుకోగల మంచి హెడ్‌లు ఉన్నాయి. సాక్ట్‌లర్ ఏస్ ఎం అలాంటిదే, సున్నా నుంచి 4 కిలోల దాకా ఐదు మెట్లలో సర్దుకోవచ్చు. కానీ అది మన హద్దుకు ఆమడ దూరం. కాబట్టి దేన్ని వదులుకోవచ్చో తేల్చుకోవాలి.

వాళ్ల రికార్డింగులు ఇంకోసారి చూస్తే ఒక సంగతి తెలిసింది. నాటకంలో టిల్ట్ దాదాపు లేదు. నటులు అందరూ ఒకే ఎత్తులో ఉంటారు. ఎవరైనా కూలబడినప్పుడో, పాదాల మీద పడినప్పుడో తప్ప కెమెరా పైకీ కిందికీ పోవాల్సిన పని రాదు. పనంతా అడ్డంగానే. పెళ్లిలోనో, పక్షుల వీడియోలోనో ఈ మాట చెప్పలేను. ఇక్కడ చెప్పగలను. కాబట్టి స్ప్రింగు లేకపోయినా ఫరవాలేదు. ప్యాన్‌లో గ్రీజు నాణ్యత, కాళ్లు మెలిపడకపోవడం, మట్టం త్వరగా కుదరడం, ఈ మూడిటికే డబ్బు పోవాలి అని నిర్ణయించాను. 600 గ్రాముల కెమెరా స్ప్రింగు లేని హెడ్ మీద ముందుకు పడిపోయే ప్రమాదం కూడా తక్కువే, టిల్ట్ డ్రాగ్ కాస్త బిగిస్తే ఆగుతుంది.

మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఎందుకు వద్దని అబ్బాయి అడిగాడు, యూట్యూబ్‌లో చూశాడట. పెళ్లిలో నేను రోజంతా మోనోపాడ్ మీదే ఉంటాను. అక్కడ ఒక్కో షాట్ కొన్ని సెకన్లు. రెండు గంటల పద్య నాటకాన్ని జూమ్ చివర మోనోపాడ్ మీద తీయమంటే నాకూ చేతకాదు. మోటార్లతో కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ కూడా నడుస్తూ తీయడానికే గానీ కూర్చుని జూమ్ చేయడానికి కాదు. వంగే కాళ్ల చిన్న స్టాండ్లు ఈ దూరానికి లెక్కలోకే రావు.

కాళ్ల విషయంలో 75 మి.మీ. బౌలు ఉన్నవే తీసుకోవాలని పట్టుబట్టాను. చదునైన తల ఉన్న కాళ్లయితే మట్టం చేయడానికి ఒక్కో కాలి పొడవు మారుస్తూ కుస్తీ పట్టాలి. బౌలయితే కింద పిడి వదులు చేసి, బుడగ మధ్యలోకి తెచ్చి, బిగించడమే. ప్రదర్శనకు ముందు మైకులు, లైట్ల హడావుడిలో ఎవరికీ కుస్తీ పట్టే తీరిక ఉండదు, దాంతో మట్టం చూడటమే మానేస్తారు.

దుకాణంలో

విజయవాడలో దుకాణానికి కెమెరా, దాని బ్యాటరీ, మైకుతో సహా తీసుకెళ్లాం. దుకాణం అబ్బాయి మర్యాదస్తుడు. "సార్, ఇది ఎనిమిది కిలోలు మోస్తుంది" అని ఒకటి చూపించాడు. "మాది ఆరు వందల గ్రాములే బాబూ" అంటే, "అయితే ఇంకా బాగా ఆగుతుంది సార్" అన్నాడు. పెట్టి వంచి వదిలాం, లేచి నిలబడింది. అతనే నవ్వి ఇంకోటి తెచ్చాడు.

నా పద్ధతి ఇది. కెమెరా బిగించి జూమ్ చివరిదాకా లాగి, ఎదురు గోడకున్న అట్టపెట్టె మీది చిన్న అక్షరాలకు గురిపెడతాను. హ్యాండిల్ చివర ఒక రబ్బరు బ్యాండు తగిలించి, చేత్తో హ్యాండిల్ ముట్టుకోకుండా బ్యాండు పట్టుకుని నెమ్మదిగా లాగుతాను. హెడ్ మంచిదైతే బ్యాండు కొంచెం సాగి, అదే సాగుడుతో చివరిదాకా వస్తుంది, అక్షరాలు స్క్రీను మీద నిదానంగా జరుగుతాయి. నాసిరకమైతే బ్యాండు సాగుతుంది, ఇంకా సాగుతుంది, హెడ్ ఒక్కసారి దూకుతుంది, బ్యాండు వదులైపోతుంది. బ్రాండు పేరు, పెట్టె మీద రాసిన "ఫ్లూయిడ్" అన్న మాట, రెండూ ఈ పరీక్ష ముందు నిలబడవు. తక్కువ ధరలో ఫ్లూయిడ్ హెడ్ అని అమ్మేవాటిలో కొన్ని మామూలు రాపిడి హెడ్‌లే, లోపల కాస్త గ్రీజు పూసి ఉంటుంది. ఇదే బ్యాండు తర్వాత పనిలోనూ పనికొస్తుంది, చాలా నెమ్మది ప్యాన్ కావాలంటే దాంతోనే లాగొచ్చు.

హ్యాండిల్‌ను మెల్లగా తట్టి, బొమ్మ ఎంతసేపు అదురుతుందో చూశాం. కాళ్లు పూర్తిగా సాచి మెలిపెట్టాం. చివరగా, ఏసీ గదిలో బాగున్న హెడ్‌ను బయట ఎండలో కాసేపు ఉంచి మళ్లీ తిప్పి చూశాం. వేడికి గ్రీజు పల్చబడుతుంది, డ్రాగ్ తగ్గుతుంది. గుంటూరు జిల్లాలో వేసవి నాటకాలు తీసేవాడికి చలిదేశం కేటలాగు ఉపయోగపడదు.

కొన్నది అంత పేరున్న బ్రాండు కాదు. జంట గొట్టాల అల్యూమినియం కాళ్లు, 75 మి.మీ. బౌలు, మధ్యలో మూడు కాళ్లనూ పట్టి ఉంచే స్ప్రెడర్, స్ప్రింగు లేని చిన్న హెడ్. మధ్య కడ్డీ లేకుండానే అబ్బాయి కంటి ఎత్తుకు వస్తుంది. సంచితో కలిపి కూడా బడ్జెట్‌లో కొంత మిగిలింది. ఆ మిగిలిన దాంట్లో కెమెరా మల్టీ టెర్మినల్‌కు తగిలే తీగ రిమోట్ ఒకటి కొని హ్యాండిల్‌కు బిగించాం. ఇక జూమ్ చేయడానికి కెమెరాను తాకక్కర్లేదు, రెండో జబ్బు అక్కడితో పోయింది. ఇలాంటి రిమోట్ కొనేవాళ్లు కెమెరాకు ఏ రంధ్రం ఉందో ముందు చూసుకోవాలి. కొన్ని కెనాన్ కెమెరాల్లో 2.5 మి.మీ. లాంక్ జాక్ ఉంటుంది, సోనీ మల్టీ టెర్మినల్ వేరు, ఒకదాని రిమోట్ ఇంకోదానికి పట్టదు.

ఆటోనగర్ ప్లేటు

ఇంత చేసినా తేలిక కెమెరాకు ఇంకో బలహీనత ఉంటుంది. దానికి బరువు లేదు కాబట్టి చేతిలోని ప్రతి చిన్న వణుకునూ అది పాటిస్తుంది. బరువున్న వస్తువు అయితే చిన్న వణుకులను పట్టించుకోదు. దీనికి నేను వాడే ఉపాయం, కెమెరా కింద ఒక ఇనుప ప్లేటు.

ఆటోనగర్‌లో లేత్ షాపు వాళ్లకు కొలత ఇచ్చాను: 15 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 1 మందం. తూకం వేస్తే కిలోకు కాస్త తక్కువ. కెమెరాతో కలిపి ఇప్పుడు మొత్తం కిలోన్నర పైచిలుకు. పొడవుగా ముందుకూ వెనక్కూ ఉండేట్టు బిగిస్తే ప్యాన్ మొదలు, ఆగడం రెండూ నిదానిస్తాయి. బరువు మధ్యభాగం హెడ్ ఇరుసు మీదే ఉండాలి, లేకపోతే టిల్ట్ ఒకవైపు లాగుతుంది.

బోల్టు దగ్గర జాగ్రత్త. కెమెరా కింద ఉండే మర పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. మన హార్డ్‌వేర్ దుకాణంలో అడగ్గానే ఇచ్చేది ఎం6, అంటే 6 మి.మీ. బోల్టు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఎం6 రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మర పాడుచేస్తుంది. పావు అంగుళం విట్‌వర్త్ అని అడిగితే దొరుకుతుంది, అదీ 20 చుట్లే, మర కోణం కాస్త తేడా అయినా ఈ బరువుకు పట్టేస్తుంది. ప్లేటు దాటి బోల్టు ఐదు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పొడుచుకు రాకూడదు, వస్తే కెమెరా అడుగును లోపలికి తోస్తుంది. ప్లేటుకూ కెమెరాకూ మధ్య పల్చటి కార్కు షీటు చాలు. మందపాటి రబ్బరు వేస్తే కెమెరా దాని మీద ఊగుతుంది, మళ్లీ మొదటికే వస్తాం.

"కెమెరా తేలికగా ఉంటుందని కొన్నాం, నువ్వేమో దానికి ఇనుము కడుతున్నావు" అన్నారు మాస్టారు. మోసుకెళ్లేటప్పుడు తేలిక, తీసేటప్పుడు బరువు ఉండాలి మాస్టారూ, ప్లేటు ట్రంకు పెట్టెలో పడేయండి అన్నాను.

హాల్లో, బయట

మొదటి ప్రదర్శనకు నేనూ వెళ్లాను. చెక్కబల్లలు తీయించేశాం. స్టాండు కాళ్లు నేరుగా నేల మీద, అబ్బాయి ఎత్తు స్టూలు మీద, స్టూలు కాళ్లు స్టాండు కాళ్లకు తగలకుండా. కూర్చున్న జనం తలల మీదుగా బాగానే కనిపించింది. ఎవరైనా లేచి నిలబడితే మాత్రం అడ్డం వస్తారు. దానికి ఆఖరి వరుసలో మధ్య నాలుగు కుర్చీలు తీసేయించడమే మందు. బల్ల కచ్చితంగా కావలసిన చోట రెండు బల్లలు వేసుకోవాలి, ఒకదానితో ఒకటి తగలకుండా. ఒకటి కెమెరాకు, ఒకటి మనిషికి.

ప్యాన్‌లో దూకుడు పోయింది. పద్యాల దగ్గర షాట్లు నిలకడగా వచ్చాయి. ఫ్రేము జారడం లేదు. నాటికలో మాత్రం అబ్బాయి ఇంకా అలవాటుగా దగ్గర షాట్‌లోనే నటుణ్ని వెంటాడబోతున్నాడు, అది స్టాండు తీర్చే జబ్బు కాదు. రిహార్సల్స్‌లో కెమెరా పెట్టుకుని సాధన చేయమన్నాను. నటులు ఎప్పుడు ఎటు నడుస్తారో తెలిసినవాడికి ప్యాన్ సగం వచ్చినట్టే. ఆ విషయంలో బయటి వీడియోగ్రాఫరు కంటే సమాజంలోని కుర్రాడికే వీలు ఎక్కువ.

తిరునాళ్ల ప్రదర్శన వేరే లోకం. మెత్తటి మట్టి, గాలి, చుట్టూ పిల్లలు. కాళ్ల కింది రబ్బరు తీసి ఇనుప ములుకులు దిగేట్టు చేస్తాం. బరువు కోసం ఇసుక సంచి వేలాడదీస్తారు చాలామంది. గాలికి ఆ సంచి ఊగితే స్టాండునూ ఊపుతుంది. తాడు పొడవు పెంచి సంచి అడుగు నేలకు ఆనేట్టు కడితే ఊగదు. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టమని కూడా చెప్పాను. ఇది గాలికి కాదు, పిల్లలకు. ఇంత చేసినా బయట జూమ్ చివరిదాకా పోవద్దు, సగంలో ఆగమన్నాను. 4కెలో తీసినదాన్ని హెచ్‌డీలో ఇచ్చేటప్పుడు ఎడిటింగ్‌లో కొంత దగ్గరకు కోసుకోవచ్చు, బొమ్మ చెడదు.

ఇప్పుడు వాళ్లు స్టేజీ మొత్తం కనిపించే రెండో కెమెరా గురించి అడుగుతున్నారు. కదలని వెడల్పు షాట్ కాబట్టి దానికి స్టాండు అక్కర్లేదు, ఉన్న ఫోనును బాల్కనీ రెయిలింగుకు క్లాంపుతో బిగిస్తే సరిపోతుంది. మాన్‌ఫ్రొటో సూపర్ క్లాంపు 13 నుంచి 55 మి.మీ. గొట్టాలను పడుతుంది. వాళ్లు తరచూ ఆడే హాల్లో రెయిలింగు పైన రెండంగుళాల జీఐ పైపు ఉంది. రెండంగుళాలు అన్నది పేరే, బయటి వ్యాసం 60 మి.మీ. దాటుతుంది, క్లాంపు పట్టదు. కింద అడ్డంగా ఉన్న ఒకటిన్నర అంగుళం పైపు 48 మి.మీ., అది పడుతుంది. అక్కడ బిగించి, జనం రెయిలింగు మీద ఆనుకున్నప్పుడు ఎంత అదురుతుందో చూసి చెప్పమన్నాను.